మాట ఆగిన మెట్టు

అమ్మాయి ఇల్లు,
మేడ మీది గది

ఒరేయ్ బావమరిదీ,

నేను నీకు ఉత్తరం రాయడమేమిటి, చెప్పు. ఇన్నేళ్ళలో మనిద్దరి మధ్య దూరం ఎప్పుడూ ఒక బీరువా పొడుగే. ఫోను కొనుక్కోమంటే నాకెవరు చేస్తారంటావు. ఇప్పుడు చూడు, నీ వల్ల నాకు కాగితం, కలం, కళ్ళజోడు, ఇన్ని కావలసి వచ్చాయి.

డాక్టరు చూశాడు. పడుకోబెట్టి దగ్గమన్నాడు. దగ్గాను. గజ్జల దగ్గర ఆ ఉబ్బు బయటికి తొంగిచూసింది. హెర్నియా అట. లోపలి గోడ పలచబడి పేగు దాన్ని తోసుకొస్తోందట. "ఏం పని చేస్తావు?" అన్నాడు. ఇళ్ళ సామాన్లు మోస్తానన్నాను. "ఇక మొయ్యకు" అన్నాడు. ఎన్నాళ్ళు అని అడిగాను. వినిపించనట్టు చేతులు కడుక్కున్నాడు.

ఆపరేషనుకు వరసలో నా పేరు రాసుకున్నారు. ప్రాణం మీదికొచ్చినవాళ్ళు ముందు, నడిచి వచ్చినవాళ్ళు వెనక. నేను నడిచి వెళ్ళడమే తప్పయింది. అప్పటిదాకా ఒక బెల్టు కట్టుకోమన్నారు. మన మోత పట్టీ లాంటిదే, కాకపోతే అవతలి కొస పట్టుకునే మనిషి లేడు.

నిన్న ఎదురింటి మేడ మీద ఎవరో ఇల్లు ఖాళీ చేశారు. కిటికీలోంచి చూశాను. ఇద్దరు కుర్రాళ్ళు పెద్ద మంచం దింపుతున్నారు, ఇద్దరూ నోళ్ళు మూసుకుని! కిందివాడు వెనక్కి నడుస్తున్నాడు, వాడికి వెనకేముందో కనపడదు, పైవాడేమో ఒక్క మాట అనడు. పైనున్నవాడు మాట్లాడుతూ ఉండాలి, మాట ఆగితే కిందివాడి కాలు ఆగాలి. ఇంత చిన్న సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు. చూడలేక కళ్ళు మూసుకున్నాను. మీ అక్క వచ్చి, "నిద్రొస్తే మంచం మీద పడుకో, కిటికీకి వేలాడకు" అంది.

లారీ ఓనరు నా చోట ఎవరిని పెట్టాడు?

మీ బావ

*

లారీ షెడ్డు పైన, నా గది

బావా,

నీ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి వినిపించాను, గజ్జల సంగతి వదిలేసి. డ్రైవరు నీ బెల్టు ఏ రంగో అడుగుతున్నాడు.

నీ చోట ఒక కొత్తవాడు వచ్చాడు. మనిషి మంచివాడే. నా కంటే బలం. పొద్దున వచ్చాక ఒకసారి తల ఊపుతాడు, సాయంత్రం వెళ్ళేటప్పుడు ఒకసారి ఊపుతాడు. మధ్యలో నోరు తెరిస్తే దుమ్ము పోతుందనుకుంటాడో ఏమో. తాళంకప్ప అని పేరు పెట్టాను. దానికీ తల ఊపాడు.

మొన్న ఒక టీచరమ్మగారి పుస్తకాల బీరువా దింపాం. మెట్లు సన్నం, మలుపులెక్కువ. నేను కింద, వాడు పైన. నిజం చెప్పనా బావా, భయం వేసింది. నీ గొంతు లేకుండా వెనక్కి నడవడం, కళ్ళకు గంతలు కట్టుకుని నూతిలోకి దిగినట్టే ఉంది. ఇన్నాళ్ళూ నువ్వు పైనుంచి వాగుతుంటే, ఈ మనిషి నోరెప్పుడు మూస్తాడా అనుకునేవాణ్ణి. ఇప్పుడు తెలిసింది, నేను కాళ్ళతో కాదు, చెవులతో దిగుతున్నానని.

నువ్వెళ్ళిన దగ్గర్నుంచి మీ నాన్న సైకిలు కథ కూడా ఆగిపోయింది. పొద్దున మాయమయ్యే సైకిలు సాయంత్రానికి శుభ్రంగా తుడిచి గోడకు ఆనించి ఉండేదన్నావు. ఎవరు తీసుకెళ్ళేవాళ్ళో చెప్పబోయేసరికి ప్రతిసారీ మెట్లయిపోతాయి. కావాలనే చేస్తావని నా అనుమానం.

అందుకే అనుకుంటున్నాను, తాళంకప్పకు మన పద్ధతి చెప్పేద్దామని. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమంటే సరిపోతుంది. నువ్వేమంటావు?

అక్కకు చెప్పు, నా వంటలో ఉప్పు ఇప్పుడు సరిగ్గానే పడుతోంది. రెండుసార్లు పడుతోంది, అంతే.

నీ బావమరిది

*

అమ్మాయి ఇల్లు

ఒరేయ్,

నా వంతు వచ్చి పోయింది. తీరా వెళ్తే జలుబు, దగ్గు. దగ్గు ఉంటే కుట్లు నిలవవని వెనక్కి పంపేశారు. తగ్గాక మళ్ళీ వరస. అల్లుడు పొద్దున పనికెళ్తూ "మామగారూ, విశ్రాంతి తీసుకోండి" అంటాడు, సాయంత్రం వచ్చి "విశ్రాంతి తీసుకున్నారా?" అంటాడు. మంచి కుర్రాడు. కానీ ఈ ఇంట్లో నేను ఒక బల్లనిరా. మూలకు జరిపి, పక్కనుంచి నడుస్తున్నారు.

నువ్వడిగిన దానికి జవాబు. నేర్పొద్దు.

వాడు ఎన్నాళ్ళుంటాడో తెలీదు. ఈ వారం మన దగ్గర, వచ్చే వారం ఇంకో షెడ్డులో. మన మాట పట్టుకుని ఊరంతా తిరుగుతాడు. అది నేను నీకు నేర్పింది. పనిలో చేరిన కొత్తలో నీ కాళ్ళు వణుకుతుంటే, నువ్వు కిందికి చూడకుండా ఉండాలని ఆ సైకిలు కథ మొదలుపెట్టింది నేను. నా దగ్గర ఇంకేముంది? బలం వాడికుంది. వయసు వాడికుంది. మాట కూడా ఇచ్చేస్తే, నేను తిరిగొచ్చి ఏం చెయ్యను, లారీకి బొట్టు పెట్టనా? మిగతా షెడ్ల వాళ్ళలాగా వాణ్ణి మెట్లు లెక్కపెట్టుకోమను. లోకమంతా అలాగే దింపుతోంది.

ఇది రాస్తుంటే మీ అక్క వచ్చి, "ఏం రాస్తున్నావు, మొహం అలా పెట్టుకున్నావు?" అంది. ఏముంది, పనికిమాలిన మాటలు అన్నాను.

నాకు ఈ ఒక్కటీ చేసిపెట్టు.

మీ బావ

*

షెడ్డు పైన

బావా,

సరే. నీ మాట నీకే దాచి ఉంచాను. తాళంకప్పను లెక్కపెట్టమన్నాను. పెడుతున్నాడు. వాడి గొంతు ఎలా ఉంటుందో షెడ్డులో అందరికీ అప్పుడే తెలిసింది.

దగ్గుకు వేడినీళ్ళు తాగు. బల్లలను మూలకు జరపడంలో తప్పేం లేదు, గీతలు పడకుండా జరిపితే చాలు.

రేపు పెద్ద పని ఉంది. పైఅంతస్తు నుంచి అద్దాల బీరువా.

నీ బావమరిది

*

ఆసుపత్రి,
మగవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం

బావమరిదీ,

అయిపోయింది. కోశారు, లోపల ఒక వలలాంటిది పెట్టి కుట్టేశారు. దోమతెర అనుకో. ఇక పేగు బయటికి రాలేదట. నన్ను మత్తులోకి పంపే ముందు డాక్టరమ్మ అంకెలు లెక్కపెట్టమంది. నేను లెక్కపెట్టనమ్మా, మాట్లాడతానన్నాను. మా నాన్నకో సైకిలుండేది అని మొదలుపెట్టానట. అక్కడితో ఆగిపోయానట. ఆవిడకూ కథ దక్కలేదు.

పక్క మంచం మీద ఒక దర్జీ. ఆయనకూ ఇదే. సూది ఎత్తేవాడికి హెర్నియా ఏమిటయ్యా అన్నాను. మలబద్ధకం బాబూ, దాన్ని మించిన బరువుందా అన్నాడు. అంతే, నవ్వొచ్చింది. నవ్వితే కుట్ల దగ్గర కత్తి దిగినట్టుంటుంది. దిండు పొట్టకు అదుముకుని ఇద్దరం ఏడుస్తూ నవ్వాం. నర్సు వచ్చి మంచాలు దూరం జరిపింది. తప్పుగా జరిపింది, కాళ్ళ వైపు నుంచి.

నీ దగ్గర్నుంచి చాలా రోజులుగా ఉత్తరం లేదు. ఆపరేషను ముందు రోజు కూడా పోస్టు వచ్చిందేమో చూడమని అమ్మాయిని కిందికి పంపాను. అలిగావా? పద్ధతి నేర్పొద్దన్నాననా? ఏదైనా ఉంటే తిట్టు. కానీ నవ్వించకు.

మీ బావ

*

నా గది

బావా,

అలగడానికి నేనేమన్నా కొత్త అల్లుణ్ణా. పనుల హడావుడి, అంతే. ఆపరేషను బాగా జరిగిందని చదివాక నాకు అన్నం సయించింది. ఇప్పుడు తొందరపడకు. డాక్టరు నడవమంటే నడువు, కూర్చోమంటే కూర్చో. మంచం మీద నుంచి లేచేటప్పుడు పక్కకు తిరిగి, చేతి మీద బరువు వేసి లే. పొట్ట మీద వెయ్యకు. అలా లేస్తే నొప్పి ఉండదని విన్నాను.

మా కిటికీ ఎదురుగా కొత్త ఇల్లు కడుతున్నారు. మధ్యాహ్నం ఎండ తగ్గాక మేస్త్రీ వచ్చి గోడకు నీళ్ళు పడతాడు. ఒక పిల్లి ఆ తడి ఇసుకలో పడుకుంటుంది. మేస్త్రీ దాన్ని రోజూ తరుముతాడు, అది రోజూ అవతలి కుప్ప మీదికి మారుతుంది. చూస్తుంటే బాగుంటుంది.

తాళంకప్ప వంట బాగా చేస్తాడు. నిన్న జావ తెచ్చాడు. ఉప్పు ఒక్కసారే వేశాడు.

అక్కను అడిగానని చెప్పు.

నీ బావమరిది

*

అమ్మాయి ఇల్లు

ఒరేయ్,

నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. వింటూ వింటూ ఆగమంది. "మధ్యాహ్నం పూట వీడు గదిలో ఏం చేస్తున్నాడు?" అంది.

నేను చూసుకోలేదు. ఆమె చూసింది. పని రోజుల్లో మధ్యాహ్నం మేస్త్రీని, పిల్లిని, రోజూ చూస్తున్నావు. ఎవడో నీకు గదికి జావ తెచ్చిపెడుతున్నాడు. మంచం మీద నుంచి ఎలా లేవాలో నాకు నేర్పుతున్నావు. అది విన్న మాట కాదు, పడినవాడి మాట.

ఏమైంది? మీ అక్క పక్కనే కూర్చుంది. నిజం రాయి.

బావ

*

నా గది

బావా,

కాలు విరిగింది. మోకాలి దగ్గర. కట్టు కట్టారు, ఇనప కడ్డీ కూడా వేశారు. నీకు వల, నాకు కడ్డీ.

నీ ఆపరేషనుకు ముందే జరిగింది. చెబితే బెల్టు కట్టుకుని బస్సెక్కేవాడివి. నీ వంతు మళ్ళీ పోయేది. అందుకే రాయలేదు. అక్కను తిట్టొద్దని చెప్పు, తిడితే తిట్టించుకుంటాను.

ఆ అద్దాల బీరువా రోజే. నేను కింద, వాడు పైన. వాడు లెక్కపెడుతున్నాడు, నేను దిగుతున్నాను. బాగానే ఉంది. సగం దిగాక వాడికి ఊపిరి అందలేదు. లెక్క ఆపాడు. నడక ఆపలేదు. వాడికి లెక్క నోటి వరకే, అంతే. నాకు అలా కాదు కదా. పైన గొంతు ఆగింది, నా కాలు ఆగింది. నేను ఆపలేదు బావా, అదే ఆగింది. ఇన్నేళ్ళ కాలు. బీరువా మాత్రం వస్తూనే ఉంది.

అద్దం పగిలిన చప్పుడు ముందు విన్నాను. అది నా ఎముకేనని తర్వాత తెలిసింది.

తాళంకప్ప నన్ను వీపు మీద వేసుకుని లారీ దాకా మోశాడు. ఆసుపత్రిలో కడ్డీ వేశాక, ఈ గదికి పైదాకా కూడా వాడే మోశాడు. మెట్లెక్కుతూ వెనక నుంచి నేను చెప్పాను, ఎందుకాగానో, మన పద్ధతేమిటో. వాడు నడిమెట్టు మీద అలాగే నిలబడిపోయాడు. నేను వీపు మీద ఉన్నాను, మొహం కనపడలేదు. అప్పుడు అన్నాడు, "ముందే చెప్పుంటే నోరు మూసేవాణ్ణి కాదు కదన్నా" అని. వాడు నాతో అన్న మొదటి పెద్ద మాట అదే.

నువ్వు వద్దన్నావని వాడికి చెప్పలేదు. మర్చిపోయానన్నాను.

తప్పెవరిదీ కాదు.

నీ బావమరిది

*

అమ్మాయి ఇల్లు

బావమరిదీ,

ఈ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టానో. తప్పెవరిదీ కాదని రాశావు. ఆ ఒక్క మాట మీ అక్కకు చదవలేకపోయాను. కాగితం ఆమె చేతికిచ్చాను. చదివింది. ఏడ్చింది. తర్వాత నన్ను చూసి, "వద్దన్నావా? నువ్వే వద్దన్నావా?" అంది. ఆ రోజు పనికిమాలిన మాటలన్నావు కదా అంది. గుర్తుంది ఆమెకు. అప్పట్నుంచి వంట చేస్తుంది, పెడుతుంది, మాట్లాడదు. నొప్పి కోసిన చోటే ఉందంటే నమ్మేవాళ్ళు కూడా లేరు.

నీకు ఒక సంగతి రాయలేదు. కుట్లు విప్పిన రోజు డాక్టరు ఈసారి చేతులు కడుక్కోవడానికి వెళ్ళలేదు. కూర్చుని చెప్పాడు. నా కండలు పలచబడిపోయాయి, వల ఉన్నా బరువెత్తితే పక్కనుంచి చిరుగుతుంది, ఇక మోత పని మర్చిపో అన్నాడు. చిన్న పెట్టెలు ఎత్తుకోవచ్చట. పిల్లల సంచులు మొయ్యొచ్చట.

అంటే చూడు. నేను తిరిగొచ్చేదాకా నా చోటు ఎవరికీ ఇవ్వకూడదనుకున్నాను. అక్కడికి నేనే తిరిగి రాను. ఎవరికీ పనికిరాని చోటుకు కాపలా కాశాను, నీ కాలు పెట్టి.

మాట నాది అనుకున్నాను. దాని కింద ఉన్న కాలు నీదని అనుకోలేదు. ఇన్నేళ్ళూ పైనే నిలబడ్డాను, అందుకేనేమో.

తాళంకప్పకు నేనే వద్దన్నానని చెప్పు. నువ్వు మర్చిపోయేవాడివి కాదు. వాడు నా గురించి ఏమనుకున్నా అనుకోనీ. ఈ కాగితం కింది సగం వాడికిచ్చెయ్యి.

"బాబూ, పైనున్నప్పుడు మాట్లాడుతూ ఉండు. ఏం మాట్లాడాలో తెలియకపోతే పొద్దున ఏం తిన్నావో చెప్పు. అది అయిపోతే మీ ఇంట్లోవాళ్ళను తిట్టు, అది ఎప్పటికీ అయిపోదు. నీకు ఊపిరి అందకపోతే ముందు కాలు ఆపు, తర్వాత మాట ఆపు. ఈ వరస తప్పకు. కిందివాడికి నీ గొంతు తప్ప ఇంకేమీ కనపడదు. ఇది నేను ముందే చెప్పవలసింది."

మేం బయల్దేరాలంటే డాక్టరు ఇంకా ఒప్పుకోవాలి. బస్సు కుదుపులు పడవంటున్నాడు.

నాకు జవాబు రాయకపోయినా పరవాలేదు.

బావ

*

షెడ్డు పైన

బావా,

కోపం లేదని రాద్దామనుకున్నాను. అబద్ధమవుతుంది. నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు ఆ కాగితం తలగడ కింద పెట్టి, మళ్ళీ ముట్టుకోలేదు. నేర్పొద్దని నువ్వన్నావు, నిజమే. సరే అన్నది నేను. భయం వేస్తోందని నీకు రాసి కూడా సరే అన్నాను. నీ మాట కాదని నేను ఎప్పుడు అన్నాను గనక? అక్క పెళ్ళి నాటి నుంచీ లేదు. కాదని ఉంటే బాగుండేది. నీకూ బాగుండేది.

కింది సగం చింపి తాళంకప్పకిచ్చాను. చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. నువ్వే వద్దన్నావని చెప్పాను. "పెద్దాయన భయపడ్డాడన్నమాట" అన్నాడు. అంతే.

ఎదురింటి కట్టుబడి అయిపోయింది. మొన్న ఎవరో దిగారు. సామాను మన లారీలోనే వచ్చింది. వాళ్ళ పాత బల్ల ఒకటి లోపల పట్టక, మళ్ళీ కిందికి దింపవలసి వచ్చింది. పైన తాళంకప్ప, కింద ఎవరో కొత్త కుర్రాడు. మెట్లు ఇంటి బయటికే, నా కిటికీకి కనపడతాయి. బావా, వాడు మాట్లాడుతున్నాడు! గొంతు తడబడుతోంది, సిగ్గుపడుతున్నాడు, అయినా ఆపలేదు. పొద్దున రొట్టె తిన్నాను, రొట్టె మాడింది, మా ఆవిడ అది మాడలేదంది, రంగే అంత అంది... ఇలా కిందిదాకా. మలుపు దగ్గర కుర్రాడి కాలు మెలిక పడింది. వాడు అది చూసి, ముందు కాలు ఆపాడు, తర్వాత మాట ఆపాడు. కుర్రాడు ఆగాడు. బల్ల ఆగింది.

ఇక్కడ మంచం మీద నా మంచి కాలు కూడా ఆగింది. అది అప్పటిదాకా వాడి మాటతో పాటు కదులుతోందని నాకు తెలీదు.

కట్టు విప్పారు. కర్రతో గదిలో తిరుగుతున్నాను. మెట్లు దిగమని డాక్టరు అంటున్నాడు. వెనక్కి కాదు, అందరిలాగా ముందుకు చూస్తూ. రోజూ పైమెట్టు దాకా వెళ్తాను. గోడ పట్టుకుని నిలబడతాను. తాళంకప్ప పక్కనుండి మాట్లాడతానంటాడు. వాడి రొట్టె కథకు మంచం మీద మంచి కాలు కదిలింది గానీ, మెట్టు మీద విరిగిన కాలు కదలదు. వెనక్కి వచ్చేస్తాను.

ఓనరు నీ చోటు అడగడం లేదు, నా చోటూ అడగడం లేదు. మనిద్దరి పట్టీ గోడ మేకుకు వేలాడుతోంది. దాన్ని ఎవరికిద్దామో నువ్వొచ్చాక చూద్దాం. నాకైతే తెలుసు.

డాక్టరు బస్సెక్కమనేదాకా ఆగు. కోత బాగా మానాక రా. నన్ను ఎత్తనక్కర్లేదు, పట్టుకోనక్కర్లేదు. పైమెట్టు మీద నిలబడు. నీకు అలవాటైన చోటే. ఆ సైకిలు ఎవరు తీసుకెళ్ళేవాళ్ళో, తుడిచి ఎవరు పెట్టేవాళ్ళో మొదలుపెట్టు.

మా మెట్లు కొన్నే. కథ అయ్యేదాకా మెల్లగా దిగుతాను.

నీ బావమరిది